రేడియో సెట్టు వేడెక్కుతోంది, అబ్బాయి చదువు మార్చాలా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) రెండో సంవత్సరం. హ్యామ్ రేడియో (సరదాగా సొంత సెట్టుతో దూరంవాళ్లతో మాట్లాడుకోవడం) లైసెన్సు తెచ్చుకుని, మిద్దె మీద రేకుల గదిలో 50 వాట్ల సెట్టు పెట్టుకున్నాడు. ఎండలు ముదిరాక అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, పవర్ దానంతటదే తగ్గిపోతోంది. కూలర్ దాని ముందుకు తిప్పి కూర్చుంటున్నాడు. వాళ్ల నాన్నేమో ఇదంతా దండగ, సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చదువు మార్చకండి. మీవాడు ఆ గదిలో తంటాలు పడుతున్న విషయం మీదే చాలామంది ఇంజినీర్లు జీతం తీసుకుంటున్నారు.

ముందు సెట్టు సంగతి. 50 వాట్ల ఎఫ్ఎం సెట్టు మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర సుమారు 11 ఆంపియర్లు లాగుతుంది, అంటే 150 వాట్లు. యాంటెన్నాకు వెళ్లేది 50. మిగతా 100 వాట్లూ వేడే. పైగా ఎఫ్ఎంలో మీట నొక్కి ఉంచినంతసేపూ, నోరు విప్పకపోయినా, పూర్తి పవర్ పోతూనే ఉంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా సెట్టును గది వేడికన్నా చల్లబరచలేదు. మే నెలలో రేకుల కింద గది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! గది పది డిగ్రీలు పెరిగితే లోపలి ట్రాన్సిస్టరూ ఇంచుమించు పది డిగ్రీలు పెరుగుతుంది. కరెంటును కాస్త నిల్వ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు అయితే ప్రతి పది డిగ్రీలకూ సగమవుతుందని మా రంగంలో ఒక లెక్క. పవర్ తగ్గిపోవడం చెడిపోవడం కాదు, సెట్టు తనను తాను కాపాడుకోవడం.

అందుకని పగటిపూట 10 వాట్లకు తగ్గించి మాట్లాడమనండి. దగ్గరి రిపీటర్‌కు, అంటే మన సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే కేంద్రానికి, సాధారణంగా అది చాలు. హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు భాగం) రెక్కల్లో దుమ్ము దులపాలి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్టుకు ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత) కొలవాలి, యాంటెన్నా సరిగ్గా కుదరకపోతే వెనక్కి తిరిగొచ్చే పవర్ కూడా సెట్టునే వేడెక్కిస్తుంది. నీళ్ల కూలర్ మాత్రం వద్దు, ఆ చెమ్మ బోర్డుకు మంచిది కాదు. సెట్టును కింది గదికి దించితే ఇంకా మేలు. అయితే కేబుల్ పొడుగై కొంత సిగ్నల్ పోతుంది. వేడా, సిగ్నలా, ఏది ఎంత వదులుకోవాలో తూచుకోవడమే ఇంజినీరింగ్. దాన్ని వాడినే తేల్చుకోనివ్వండి.

ఇక ఉద్యోగాలు. మీ ఊరి నుంచి చిత్తూరు దారిలో గాదంకి ఉంది కదా. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది, దానికి 1024 యాగీ యాంటెన్నాలు (పాతకాలం టీవీ యాంటెన్నాల్లాంటివి). అంత పెద్ద ట్రాన్స్‌మిటర్‌ను మన ఎండల్లో నడపాలంటే వేడి సంగతి తెలిసినవాళ్లు కావాలి. సెల్ టవర్ మీద రెక్కలు రెక్కలుగా కనిపించే రేడియో పెట్టెలదీ ఇదే సమస్య.

దారి కూడా చెప్తాను. డిప్లొమా ఫస్ట్ క్లాసులో ముగిస్తే ఇస్రో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకు అర్హత వస్తుంది. శ్రీహరికోట మీకు దూరమేం కాదు. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. తిరుపతి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఉంది. బీటెక్ తర్వాత గేట్ స్కోరుతో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎలక్ట్రానిక్స్ విభాగానికి ప్రయత్నించవచ్చు. విమానాశ్రయాల్లో రేడియోలు, రాడార్లు చూసుకునేది వాళ్లే. వాళ్ల నాన్నగారి భయం నాకు అర్థమైంది, ఆయన తృప్తి కోసం కాదు గానీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి, కొలతలు నమోదు చేయడానికి పనికొస్తుంది.

ఒక్క పని ఈ వారమే మొదలుపెట్టించండి. ఒక నోటు పుస్తకంలో గది వేడి, హీట్‌సింక్ వేడి, ఎన్ని వాట్లు, ఎన్ని నిమిషాలు మాట్లాడాడు, రోజుకు మూడుసార్లు రాయాలి. ఇంటర్వ్యూ బోర్డు ముందు ఆ పుస్తకం తీస్తే అడగడానికి వాళ్లకూ, చెప్పడానికి వాడికీ బోలెడు ఉంటుంది. పది రోజుల తర్వాత ఆ పేజీలు నాకు పంపండి, చూసి మళ్లీ రాస్తాను.