నెబ్యులైజేషన్ తర్వాత చేతులు వణికితే… శ్వాసకోశ మందులను నర్సింగ్ విద్యార్థి ఎలా చదవాలి?

ప్రశ్న: మాది మహబూబాబాద్ దగ్గర పల్లెటూరు. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్. ఫార్మకాలజీలో శ్వాసకోశ మందుల పాఠం ఎన్నిసార్లు చదివినా సైడ్ ఎఫెక్టులన్నీ కలగాపులగం అవుతున్నాయి. మొన్న వార్డులో మేడమ్ ‘నెబ్యులైజేషన్ అయ్యాక పేషెంట్‌కు చేతులు వణుకుతున్నాయి, ఏం చేస్తావు?’ అని అడిగితే గొంతు పెగల్లేదు. ముందుముందు నార్సెట్ (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష) రాయాలని, వీలైతే అమెరికా వెళ్లాలని ఉంది. ఈ మందులను ఎలా చదవాలి?

జవాబు: మేడమ్ అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడదాం. పాఠంలో సగం అందులోనే ఉంది.

నెబ్యులైజేషన్‌లో, అంటే మందును తుంపరగా మార్చి పీల్పించేటప్పుడు, సాధారణంగా పెట్టే సాల్బుటమాల్ శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరంలోని బీటా-2 గ్రాహకాల (రిసెప్టర్ల) మీద పనిచేసి ఆ కండరాన్ని వదులు చేస్తుంది. పిల్లికూతలు తగ్గేది అందుకే. అవే గ్రాహకాలు చేతుల కండరాల్లోనూ ఉంటాయి కాబట్టి వణుకు వస్తుంది. గుండెలోనూ కొన్ని ఉంటాయి కాబట్టి దడ. పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెట్టడం వల్ల హైపోకలీమియా, అంటే రక్తంలో పొటాషియం తగ్గడం. కాలేయం నుంచి గ్లూకోజ్ బయటికి రావడం వల్ల షుగర్ పెరుగుదల. నాలుగు సైడ్ ఎఫెక్టులు చెప్పుకున్నాం, ఒక్కదాన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. మందు ఎక్కడ తగులుతుందో తెలిస్తే మిగతాది మీరే చెప్పగలరు. కలగాపులగం కావడానికి కారణం మీ జ్ఞాపకశక్తి కాదు, జాబితాలుగా చదవడం.

ఇక మేడమ్‌కు చెప్పాల్సిన జవాబు. పేషెంట్‌ను నిటారుగా కూర్చోబెట్టి, పల్స్ నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టాలి. నెబ్యులైజేషన్‌కు ముందు రాసుకున్న పల్స్‌తో పోల్చాలి. శ్వాస రేటు, ఆక్సిజన్ శాతం చూసి, స్టెతస్కోప్‌తో రెండు వైపులా వినాలి. ఆయాసం తగ్గి, వణుకు మాత్రమే ఉంటే ‘మందు వల్ల వచ్చింది, కాసేపట్లో తగ్గుతుంది’ అని ధైర్యం చెప్పాలి. ఛాతీ నొప్పి వచ్చినా, పల్స్ లయ తప్పినా, ముందుకన్నా బాగా పెరిగి 120 దాటినా తర్వాతి డోసు పెట్టకుండా డ్యూటీ డాక్టర్‌కు చెప్పాలి.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఉబ్బసం తీవ్రంగా ఉన్నప్పుడు మందు పెట్టకముందే పల్స్ 120 దాటి ఉండొచ్చు. అప్పుడు అది జబ్బు లక్షణం. మందు పెట్టి ఆయాసం తగ్గిస్తే పల్స్ కూడా దిగుతుంది. మందు వల్ల పెరిగిందా, జబ్బు వల్ల పెరిగిందా అన్నది ముందు రాసుకున్న అంకె ఉంటేనే తేలుతుంది. అది రాయకుండా మాస్క్ తగిలించేస్తే తర్వాత ఎవరూ చెప్పలేరు. ఇంకొకటి: పిల్లికూతలు ఆగిపోవడం ప్రతిసారీ మంచి కబురు కాదు. కూతలు లేవు, గాలి వెళుతున్న చప్పుడూ లేదు, మనిషి మగతగా ఉన్నాడంటే నాళాలు దాదాపు మూసుకుపోయాయని అర్థం. వెంటనే డాక్టర్‌ను పిలవాల్సిన సందర్భం అది.

నెబ్యులైజర్ కప్పు దగ్గరికి వద్దాం. సాల్బుటమాల్ రెస్ప్యూల్ (ఒక్క డోసు ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టం) ఒకటి 2.5 మి.లీ., అందులో మందు 2.5 మి.గ్రా. బాటిల్‌లో వచ్చే రెస్పిరేటర్ సొల్యూషన్‌లో మాత్రం ఒక్క మి.లీ.లోనే 5 మి.గ్రా. ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని అంతే మి.లీ. పోస్తే డోసు అయిదు రెట్లు అవుతుంది, లేబుల్ చదివి తీరాలి. కప్పులో మొత్తం 3–4 మి.లీ. ఉండేలా నార్మల్ సెలైన్ కలపాలి. డిస్టిల్డ్ వాటర్ కలపకూడదు, అది నాళాలను ఇంకా బిగిసేలా చేస్తుంది. నిమిషానికి 6–8 లీటర్ల గాలి లేదా ఆక్సిజన్ పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. అంతకన్నా తక్కువ పెడితే బిందువులు పెద్దవై గొంతులోనే ఆగిపోతాయి.

వార్డులో డ్యుయోలిన్ అనే మాట రోజూ వింటారు. అందులో లెవోసాల్బుటమాల్‌తో పాటు ఇప్రాట్రోపియం 500 మైక్రోగ్రాములు ఉంటుంది. అంటే డ్యుయోలిన్ పెట్టి, వెంటనే ఆస్థాలిన్ (సాల్బుటమాల్ బ్రాండ్ పేరు) కూడా పెడితే ఒకే జాతి మందు రెండుసార్లు పడినట్టు. డాక్టర్ తెలిసే రాసి ఉండొచ్చు, అయినా అడిగి నిర్ధారించుకోండి. ఇప్రాట్రోపియం మరో దారిలో పనిచేస్తుంది. నరాల సంకేతాలు చేరవేసే అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది కాబట్టి నోరు ఎండిపోతుంది, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయనకు మూత్రం ఆగిపోవచ్చు. మాస్క్ వదులుగా ఉండి పొగ కళ్లలోకి వెళితే కనుపాప పెద్దదవుతుంది, గ్లకోమా ఉన్నవాళ్లకు కంటినొప్పితో అత్యవసర పరిస్థితి రావచ్చు. అందుకే పెద్దవాళ్లకు మౌత్‌పీస్ మేలు. మాస్కే పెట్టాల్సి వస్తే ముక్కు పైభాగాన గట్టిగా అదమాలి.

స్టెరాయిడ్‌లో పీల్చేవి, ఒంట్లోకి ఎక్కించేవి వేరుచేసి చదవండి. బుడెసోనైడ్ పీల్చాక నోట్లో మిగిలిన మందు వల్ల నోటిపూత, గొంతు బొంగురు. నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. మాస్క్‌తో పెట్టిన పిల్లలకు ముఖం కూడా తుడవాలి. సాల్బుటమాల్, బుడెసోనైడ్ రెండూ ఉంటే సాల్బుటమాల్ ముందు. నాళాలు తెరుచుకున్నాక స్టెరాయిడ్ లోపలికి చేరుతుంది. ఏది ముందు అన్న ఈ ప్రశ్న పోటీ పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది. హైడ్రోకార్టిసోన్ ఐవీ ఇస్తే షుగర్, బీపీ చూస్తూ ఉండాలి. ప్రెడ్నిసోలోన్ అయిదు నుంచి ఏడు రోజుల కోర్సును నేరుగా ఆపేయవచ్చు. మూడు వారాలకు మించి వాడితే మాత్రం హఠాత్తుగా ఆపకూడదు, ఒంట్లో సొంత కార్టిసాల్ తయారీ అప్పటికి మందగించి ఉంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది అమినోఫిలిన్, ఒంట్లో థియోఫిలిన్‌గా పనిచేసే మందు. వాడకం తగ్గినా మన దగ్గర డెరిఫిలిన్ రూపంలో ఆ కుటుంబం ఇంకా కనిపిస్తూనే ఉంది. రక్తంలో థియోఫిలిన్ మి.లీ.కు 10–20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. దాటితే మొదట వికారం, వాంతులు, తర్వాత గుండె లయ తప్పడం, ఫిట్స్. ఒక్కోసారి వాంతి కాకుండానే ఫిట్స్ రావచ్చు, కాబట్టి వాంతి కోసం ఎదురుచూడకూడదు. ఒక లెక్క చేసి చూడండి: పేషెంట్ బరువు 50 కేజీలు, ఆర్డర్ కేజీకి 5 మి.గ్రా. అంటే 250 మి.గ్రా. ఆంప్యూల్ 10 మి.లీ.లో 250 మి.గ్రా. ఉంటుంది, ఒకటి సరిపోతుంది. దాన్ని 100 మి.లీ.కి చేర్చి 30 నిమిషాల్లో ఎక్కించాలి. మి.లీ.కు 20 చుక్కల సెట్ అయితే 100ను 20తో గుణించి 30తో భాగిస్తే నిమిషానికి దాదాపు 67 చుక్కలు. సిరంజితో గబగబా తోసేస్తే బీపీ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. ఆర్డర్ అందుకోగానే అడగాల్సిన మాట: ‘ఇంట్లో ఆయాసం మాత్రలు వేసుకుంటున్నారా?’ థియోఫిలిన్ మాత్ర ముందే పడి ఉంటే ఈ మొదటి పెద్ద డోసు ఇవ్వకూడదు, డాక్టర్‌కు చెప్పాలి. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ ఈ మందు స్థాయిని పెంచుతాయి. రిఫాంపిసిన్, సిగరెట్లు తగ్గిస్తాయి.

ఆ రిఫాంపిసిన్‌ను టీబీ పాఠంలో మళ్లీ చూస్తారు: మూత్రం నారింజ రంగు. ఐసోనియాజిడ్‌కు తిమ్మిర్లు, ఇథాంబ్యుటాల్‌కు రంగులు సరిగ్గా కనిపించకపోవడం, పైరజినమైడ్‌కు కీళ్లనొప్పులు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి చోట పోస్టింగ్ పడితే వీటిని పుస్తకం కన్నా వేగంగా నేర్చుకుంటారు.

ఆక్సిజన్‌ను కూడా మందుల జాబితాలో రాసుకోండి. సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లకు రక్తంలో ఆక్సిజన్ లక్ష్యం 88–92 శాతం. 99 చూపించాలని ఫ్లో పెంచుకుంటూ పోతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తలనొప్పి, మగత వస్తాయి. అలాంటివారికి నెబ్యులైజర్‌ను గోడ ఆక్సిజన్‌తో కాకుండా గాలి కంప్రెసర్‌తో నడపాలి. ఆక్సిజన్ అవసరమైతే ముక్కు గొట్టాల ద్వారా విడిగా ఇవ్వాలి.

ఉబ్బసం, అలర్జీలకు ఇచ్చే మాంటెలుకాస్ట్ చిన్న మాత్రే కదా అని వదిలేయకండి. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2020లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక చేర్చింది. ‘మాత్ర మొదలుపెట్టాక పిల్లాడి నిద్ర, ప్రవర్తన మారాయా?’ అని తల్లిని అడగడం మీ పని.

ఇక పరీక్షల సంగతి. అమెరికా వెళ్లడానికి రాసే ఎన్‌క్లెక్స్‌లో సాల్బుటమాల్ అనే పేరు కనిపించదు, అక్కడ దాన్ని ఆల్బ్యుటెరాల్ అంటారు. అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్ అంటారు. బ్రాండ్ పేర్లతో అలవాటు పడితే అక్కడ ఇబ్బంది, కాబట్టి ఇప్పటి నుంచే నోట్‌బుక్‌లో జెనరిక్ పేరే ముందు రాయండి. ప్రతి మందుకు అర పేజీ చాలు: ఎక్కడ పనిచేస్తుంది, పెట్టే ముందు ఏం చూడాలి, తర్వాత ఎంతసేపటికి ఏం చూడాలి, ఏం కనిపిస్తే ఆపాలి, ఇంటికి పంపేటప్పుడు ఏం చెప్పాలి. కారణాలు తెలుగులో రాసుకోండి, పేర్లు, వైద్య పదాలు మాత్రం ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియం మీకు అడ్డు కాదు. పేషెంట్‌కు వాళ్ల మాటల్లో చెప్పగలగడం ఈ వృత్తిలో పెద్ద బలం.

అది ఎక్కడ పనికొస్తుందో చూడండి. ‘పంపు (ఇన్‌హేలర్) అలవాటైపోతుందట కదమ్మా’ అని ప్రతి వార్డులో వినిపిస్తుంది. పంపులో ఒకసారి పీల్చే స్టెరాయిడ్ 200 మైక్రోగ్రాములు అనుకుంటే, మాత్రల్లో రోజుకు ఇచ్చే ప్రెడ్నిసోలోన్ 40 మి.గ్రా., అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాకపోయినా, పంపు మందు నేరుగా ఊపిరితిత్తులకే వెళుతుంది కాబట్టి ఇంత కొంచెం చాలని అలా చెబితే అర్థమవుతుంది.

ఈ వారం పోస్టింగ్‌లో ఒక పని చేయండి. రోటాక్యాప్ (పరికరంలో పెట్టి పొడిని పీల్చే క్యాప్సూల్) వాడే ఒకరిని ‘మీరు రోజూ ఎలా వాడతారో చూపించండి’ అని అడగండి. కొందరు క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేస్తుంటారు, మందు పనిచేయట్లేదని డోసు పెరుగుతూ ఉంటుంది. పారదర్శకంగా ఉన్న కొస కిందికి వచ్చేలా పెట్టాలి, తిప్పి విరగ్గొట్టాలి, ఊపిరి పరికరంలోకి కాకుండా పక్కకు వదలాలి, లేకపోతే తేమకు పొడి గడ్డకడుతుంది. తర్వాత నోటితో బలంగా, లోతుగా పీల్చి పది సెకన్లు బిగబట్టాలి. మూత తెరిచి చూస్తే క్యాప్సూల్‌లో ఇంకా పొడి ఉందా, ఇంకోసారి పీల్చమనండి.