ఎస్ఎంపీఎస్ కాలితే మదర్‌బోర్డు నష్టం ఎవరిది?

ప్రశ్న: పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా జీవనాధారం. హన్మకొండలో ఒక షాపులో 62 వేలకు కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. ఎనిమిది నెలలకే ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) కాలి, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు కూడా పోయాయి. ఎస్ఎంపీఎస్ ఒక్కటే మార్చి ఇస్తామంటున్నారు. బిల్లులో 'ఎస్ఎంపీఎస్-1' అని మాత్రమే ఉంది. కేసు వేయొచ్చా? కొత్తది ఎలా ఎంచుకోవాలి?

జవాబు: వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువు మీ ఇతర ఆస్తిని పాడుచేస్తే ఆ నష్టానికి పరిహారం అడగవచ్చు. తయారుచేసింది మేం కాదు కదా అని షాపువాళ్లు అంటారు. సెక్షన్ 86 చూడండి: వస్తువును అమర్చడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, తయారీదారు ఎవరో తెలియకపోయినా అమ్మినవాడే బాధ్యుడు.

మీరు పంపిన ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫొటోలోనే సగం కేసు ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 600 వాట్లు. కింద పట్టికలో 12 వోల్టుల లైనుకు 18 ఆంపియర్లు. గుణిస్తే 216 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆ లైను మీదే నడుస్తాయి. కార్డు పెట్టిందీ, దానికి ఈ ఎస్ఎంపీఎస్ చాలుతుందని బిగించిందీ ఆ షాపే. ఫిర్యాదులో ఇదే ముందు రాయండి. వారంటీ షరతు తప్పారన్న వాదన మీద ఆధారపడొద్దు, ఆ దారిలో వచ్చిన ఆస్తి నష్టాన్ని ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు చేసిన నష్టానికి బాధ్యత) నుంచి చట్టం మినహాయించింది. ఆగిపోయిన ఆర్డర్ల ఆదాయం కూడా దాని కిందికి రాదు. వ్యాపారం కోసం కొన్నారని అభ్యంతరం పెడితే టెన్షన్ పడకండి. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొన్నవారు వినియోగదారులే.

కాలిన ఎస్ఎంపీఎస్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు. అవసరమైతే వినియోగదారుల కమిషన్ దానికి సీలు వేసి ల్యాబ్‌కు పంపిస్తుంది. స్క్రూలు కూడా విప్పకండి. మీరే కెలికారని వాళ్లు వాదిస్తారు, పైగా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, ప్రాణానికే ప్రమాదం. కరెంటు హెచ్చుతగ్గుల వల్లే పోయిందని వాళ్లు చెప్పడం ఖాయం. యూపీఎస్ లేదా స్టెబిలైజర్ వాడి ఉంటే దాని బిల్లు తీసి పెట్టుకోండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తేలకపోతే మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయండి. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఇక కొత్త ఎస్ఎంపీఎస్. '80 ప్లస్' స్టిక్కర్ చూసి మురిసిపోకండి, అది కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది గానీ భద్రతకు హామీ కాదు. 12 వోల్టుల లైను ఆంపియర్లు చూడండి. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయని కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. వారంటీ ఐదేళ్లు, ఆపైన ఉన్నది తీసుకోండి. ఈసారి బిల్లులో కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, వాట్లు అన్నీ రాయించండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. బిల్లు ఇవ్వకపోవడం ఇదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి.