‘లాంటిది’ అన్న మాట దగ్గర కాసేపు ఆగు

చిరంజీవి చెల్లెలికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ముందుమాట, మొదటి రెండు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి పెన్ను ముట్టుకోలేదు. కొత్తవాళ్ల రాతప్రతిని ముందు పాఠకుడిలా చదవాలని నా నియమం. చనిపోయిన గాయకుడి సమాధి దగ్గర ఏటా కలుసుకునే అభిమానుల మీద పరిశోధన గ్రంథం రాయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. మతం గురించి రాసేవాళ్లు సినిమా పాటల జోలికి రారు, పాటల గురించి రాసేవాళ్లు మతం జోలికి వెళ్లరు. నువ్వు రెండూ కలిపి చూస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

రెండోసారి పెన్ను పట్టుకుని చదివినప్పుడు ఒక మాట కింద గీతలు గీస్తూ పోయాను. అభిమానం మతం లాంటిది. సమాధి పుణ్యక్షేత్రం లాంటిది. పాట ప్రార్థన లాంటిది. ముందుమాటలోనే పదకొండుచోట్ల ‘లాంటిది’ వచ్చింది. రెండో అధ్యాయానికి వచ్చేసరికి ఆ మాట కూడా జారిపోయి, అభిమానం ‘మతమే’ అయిపోయింది. మధ్యలో రుజువు ఎక్కడ చూపించావో నాకు దొరకలేదు.

పోలిక తప్పు కాదమ్మా. ఈ రంగంలో పోలిక లేకుండా మొదటి అడుగే పడదు. కానీ పోలిక ఎక్కడిదాకా నిలబడుతుందో, ఎక్కడ తెగిపోతుందో రెండూ రాయాలి. తెగిపోయే చోటే అసలు విషయం దొరుకుతుంది.

నువ్వు వాడిన ఉదాహరణే తీసుకుందాం. 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 3,90,127 మంది తమ మతం ‘జెడై’ అని రాశారు. అది స్టార్ వార్స్ సినిమాల్లోని యోధుల పేరు. ఇంత పెద్ద అంకె చేతికి చిక్కితే ఎవరికైనా ‘సినిమాలోంచి మతం పుట్టింది’ అని రాసెయ్యాలనిపిస్తుంది. నువ్వు రాసేశావు కూడా. ఆ ప్రశ్న అసలు ఎలా అడిగారో చూశావా? దానికి జవాబు రాయడం తప్పనిసరి కాదు. జెడై అని రాయమంటూ ముందునుంచే ఈమెయిళ్లు తిరిగాయి. సరదాకి రాసినవాళ్లున్నారు, ప్రభుత్వానికి నా మతంతో పనేంటన్న కోపంతో రాసినవాళ్లున్నారు, మనస్ఫూర్తిగా రాసినవాళ్లూ కొందరున్నారు. గణాంక అధికారులు వాళ్లందరినీ ‘మతం లేనివారు’ అన్న పద్దులో వేశారు. 2011కి ఆ సంఖ్య 1,76,632కి పడిపోయింది.

ఇప్పుడు చెప్పు, ఇందులో నీ అధ్యాయానికి పనికొచ్చేది ఏది? నన్నడిగితే ఆ పద్దు. ఒక మనిషి ‘ఇది నా మతం’ అని తన చేత్తో రాసిచ్చాక, కాదు, నీకు మతం లేదు అని తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఏ కొలతతో తేలుస్తారు? ఈ ప్రశ్న ఒక్కటి గట్టిగా పట్టుకుంటే నీకు ముప్ఫై పేజీల సరుకు ఉంది. ‘కొత్త మతం పుట్టింది’ అన్న వాక్యంతో మూడు పేజీలు కూడా నడవవు.

సిద్ధాంతాల సంగతికొస్తాను. ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త డ్యూర్‌ఖైమ్‌ని నాలుగుచోట్ల ఉదహరించావు, నాలుగూ వేరేవాళ్ల పుస్తకాల్లోంచి ఎత్తినవే. ఆ వాక్యాలు చేతులు మారి మారి అరిగిపోయాయి. మతం మీద 1912లో వచ్చిన ఆయన గ్రంథం నేరుగా చదువు. జనం ఒకచోట గుమిగూడినప్పుడు పుట్టే ఉద్వేగం గురించి ఆయన చెప్పింది నువ్వు సమాధి దగ్గర గడిపిన రాత్రి గురించి రాయడానికి బాగా పనికొస్తుంది. చదివేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకో. ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి అంత రాసిన ఆయన ఆస్ట్రేలియాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. స్పెన్సర్, గిలెన్ లాంటివాళ్లు అక్కడ తిరిగి రాసినవాటి మీద ఆధారపడ్డాడు. ఆయన గొప్పతనం దీనివల్ల తగ్గదు, కానీ ఆ బలహీనత నీకు ఉండాల్సిన అవసరం లేదు. నువ్వు ఆ రాత్రి అక్కడే ఉన్నావు కదా! జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ సంగతీ ఇంతే. ప్రొటెస్టెంట్ మతమే పెట్టుబడిదారీ వ్యవస్థను పుట్టించిందని ఆయన అన్నట్టు నువ్వు రాశావు. ఈ విషయం మీద 1904-05లో వచ్చిన ఆయన వ్యాసం చివరి పేజీ దాకా వెళ్లు. భౌతిక కారణాలు మాత్రమే చూసే ఒంటికన్ను చూపు బదులు, మతాన్ని మాత్రమే చూసే ఇంకో ఒంటికన్ను చూపు పెట్టడం తన ఉద్దేశం కాదని ఆయనే చెప్పాడు.

జనం ఇళ్లల్లో ఉండే చవక వస్తువుల్ని చిన్నచూపు చూడకు. 1940లో వార్నర్ సాల్‌మన్ అనే అమెరికన్ చిత్రకారుడు గీసిన క్రీస్తు ముఖచిత్రం కోట్ల ప్రతులుగా అచ్చయింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల జేబుల్లో పట్టే సైజులోనూ పంచారు. కళా విమర్శకులు చాలామంది దాన్ని పట్టించుకోలేదు. డేవిడ్ మోర్గాన్ అనే పండితుడు మాత్రం పత్రికల ద్వారా అడిగి ఆ బొమ్మతో బతికినవాళ్ల దగ్గర్నుంచి వందల ఉత్తరాలు తెప్పించుకున్నాడు. బొమ్మ బాగుందా లేదా అన్న ప్రశ్న వదిలేసి, ఆ బొమ్మతో మీరేం చేస్తారని అడిగాడు. నీ అభిమానుల్ని కూడా అదే అడుగు. పోస్టర్లు, టికెట్లు, కరపత్రాలు నీకు దొరికిన రోజే తేదీ, దొరికిన చోటు రాసిపెట్టు. వెనకవైపు కూడా ఫొటో తీయి. ఇలాంటి సరుకుని లైబ్రరీలు పెద్దగా దాచవు, రెండేళ్లు పోతే నీ దగ్గరున్నదే మిగులుతుంది. పేజీ నంబరు లేకుండా ఏ ఉల్లేఖనా రాసుకోకు. పుస్తకం చివర పదసూచిక నువ్వే స్వయంగా తయారుచెయ్యి, ఏ మాట ఎన్ని అర్థాల్లో వాడేశావో అప్పుడు బయటపడుతుంది.

ఇంకొకటి చెప్పాలి. ఇది నేను చేసిన తప్పు. నా మొదటి పుస్తకంలో ఒక యాత్ర గురించి రాస్తూ, చివరి మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్న ఒకావిడ గురించి ‘భక్తి పారవశ్యంతో కన్నీరు కార్చింది’ అని రాశాను. మంచి వాక్యం అనుకున్నాను. పుస్తకం వచ్చాక ఆవిడకి ఒక ప్రతి ఇద్దామని వెళ్లాను. ఆ పేరా తనే వేలితో చూపించి, ‘ఆ రోజు మా అక్క గుర్తొచ్చి ఏడ్చానయ్యా. కిందటేడు తను నాతో వచ్చింది. నాకు దేవుడి మీద కోపంగా ఉంది ఆ రోజు’ అంది. పుస్తకం తిరిగి ఇచ్చెయ్యలేదు, నన్ను తిట్టలేదు. దాంతో నాకు ఇంకా బాధేసింది. ఆవిడ పక్కన పది నిమిషాలు కూర్చుని ఉంటే, దేవుడి మీద కోపంతో కూడా మనిషి అన్ని మెట్లు ఎక్కుతుందన్న సంగతి నా పుస్తకంలో ఉండేది. నా పుస్తకం మొత్తంలో అంత విలువైన మాట ఇంకొకటి లేదు. అప్పట్నుంచి ఎవరి గురించి రాసినా, అచ్చుకి ఇచ్చే ముందు ఆ పేజీలు వాళ్లకి చదివి వినిపిస్తున్నాను. వాళ్లు ఒప్పుకోని చోట నా అభిప్రాయం మార్చుకోవాలని లేదు, కానీ వాళ్లు ఒప్పుకోలేదన్న సంగతి కూడా పేజీలోకి ఎక్కాలి. పేర్లు మార్చు. అనుమతి అడుగు.

నీ రెండో అధ్యాయం చివర్లో ఒక పెద్దావిడ ఉంది. ఏటా ఒకే పాత క్యాసెట్ తెచ్చి సమాధి మీద పెట్టి, కాసేపయ్యాక మళ్లీ బ్యాగులో వేసుకుని వెళ్లిపోతుందని రాశావు. దాని కింద వెంటనే ‘ఇది నైవేద్యం లాంటిది’ అన్నావు. నైవేద్యమైతే అక్కడే వదిలెయ్యాలో, తిరిగి తీసుకెళ్లి పంచాలో ఏదో ఒకటి ఉండాలి కదా. ఆవిడ పంచదు, వదలదు. ఆ క్యాసెట్‌లో ఏ పాటలున్నాయి? అసలు అది ఆ గాయకుడి క్యాసెట్టేనా? ఇంట్లో ఇంకా ప్లేయర్ ఉందా, వింటుందా? నువ్వు అడిగినట్టు ఎక్కడా లేదు.

మూడో అధ్యాయం అప్పుడే మొదలుపెట్టకు. ముందు ఆవిడని కలిసి రా. ఏమన్నదో ఆవిడ మాటల్లోనే రాసి నాకు పంపు.

మీ అన్నయ్య