గట్టు దిగకు చిన్నీ

చిన్నీ,

ఆదివారం తెల్లవారుజామునే ఒక్కదానివే చిత్తడినేలకి పిట్టల్ని చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటే టెన్షన్ కూడా పట్టుకుంది. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

బైనాక్యులర్ 8×42 చాలు, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది. అంతకన్నా పవర్ ఎక్కువైతే చెయ్యి ఏ కాస్త వణికినా పిట్ట కుదురుగా కనిపించదు. ఎండ నీ వీపు మీద పడేలా నిలబడు. నీళ్లు, టోపీ మర్చిపోకు. ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టల్ని పిలవకు. తమ చోటుకి వేరే పిట్ట వచ్చిందనుకుని అవి కంగారుపడతాయి.

గట్టు మాత్రం దిగకు. పైకి ఎండినట్టే ఉంటుంది, అడుగేస్తే మోకాలిదాకా దిగబడతావు. నా భయం అదొక్కటే కాదు.

నీ వయసులో నేను దిగాను. ఒక తీతువు పిట్ట నా నెత్తిమీదే తిరుగుతూ ఒకటే అరుపు. దాని కంటి ముందుండే ఆ ఎర్రటి తోలు, పసుపుపచ్చటి కాళ్లు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నేనంటే భయం లేదు కాబోలని మురిసిపోయి, అక్కడే అరగంట కూర్చుని దాని బొమ్మ వేసుకున్నాను. లేవబోతుంటే నా చెప్పుకి జానెడు దూరంలో నాలుగు గుడ్లు! గూడంటూ ఏమీ లేదు. నేలమీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు. నల్ల మచ్చల గుడ్లు మట్టిలో మట్టిలా కలిసిపోయాయి. ఎండ మండితే ఆ పిట్ట పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లని చల్లబరుస్తుందని తర్వాత తెలిసింది. ఆ అరగంటా దాన్ని రానివ్వంది నేనే. గబగబా గట్టెక్కి తిరిగి చూశాను. నేను లేచిన చోటే ఒక కాకి వాలింది. తీతువు దాన్ని తరుముతుంటే రెండోది వచ్చి గుడ్డు ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికీ చూపించలేదు.

ఏ పిట్టైనా నీ మీదికొచ్చి అరిస్తే ఫోటో కోసం ఆగావో, ఊరుకోను! వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చెయ్.

నాలుగేళ్లప్పుడు నా భుజాల మీద కూర్చుని, లకుముకి పిట్ట నీళ్లలోకి దూకేదాకా ఊపిరి బిగబట్టిన పిల్లవి నువ్వు. అలాగే కదలకుండా కూర్చో తల్లీ, అవే దగ్గరికొస్తాయి.

ఇంటికి రాగానే ఫోన్ చెయ్. లకుముకి కనిపిస్తే ముందు దాని సంగతే చెప్పు.

మీ మామయ్య