గుడ్డు కూడా తినని ఇంట్లో బరువు తగ్గడం: నేను 81 నుంచి 67కి ఎలా వచ్చానంటే

మీ ప్రశ్న చదివాను. 34 ఏళ్ళు, 76 కిలోలు, ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. మూడు నెలలుగా ఉదయం ఓట్స్, రాత్రి మూడు చపాతీలు తింటున్నా తగ్గింది ఒక్క కిలోనే. గుడ్లు, చికెన్ తినకపోతే బరువు తగ్గరని ఆఫీసులో అందరూ అంటున్నారు, అది నిజమేనా అని అడిగారు.

నిజం కాదండీ. మాదీ గుడ్డు గడప దాటని ఇల్లే. నాకు 47 ఏళ్ళు, రాజమండ్రిలో ఉంటాం, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. 81 కిలోల నుంచి 67కి రావడానికి 14 నెలలు పట్టింది. రెండేళ్ళుగా 67, 68 మధ్యే ఉంటున్నాను. లెక్క ప్రకారం నేనింకా తగ్గాలి. కానీ మోకాళ్ళ నొప్పి పోయింది, సరిహద్దులో ఉన్న షుగర్ వెనక్కి వెళ్ళింది, గోదావరి గట్టు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను.

మీరు ఇప్పుడు చేస్తున్నదే మొదట్లో నేనూ చేశాను. ఉదయం ఓట్స్ జావ, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి రెండు చపాతీలు. రెండు నెలల్లో 79 నుంచి 74కి వచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. సాయంత్రం నాలుగు దాటితే నీరసం, చిరాకు, పిల్లల మీద అరవడం. ఆకలికి తట్టుకోలేక ఒకరోజు జంతికల డబ్బా ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ఆరు నెలలకి 81కి చేరాను.

అప్పుడు డాక్టర్ గారు థైరాయిడ్, మూడు నెలల సగటు షుగర్, బి12 పరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. షుగర్ సరిహద్దులో ఉంది, బి12 బాగా తక్కువగా ఉంది. అరికాళ్ళలో తిమ్మిర్లు ఎందుకొస్తున్నాయో అప్పుడు తెలిసింది. బి12 మొక్కల ఆహారంలో దొరకదు, మనకి పాలు, పెరుగులోంచే కాస్త వస్తుంది. మీరు ఇంకా చేయించకపోతే ముందు ఈ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తేడాగా ఉంటే కంచం ఎంత మార్చినా ఫలితం ఆలస్యమై, తప్పంతా మీదే అనుకుంటారు.

ఆయన పంపిన డైటీషియన్ అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "రోజుకి పప్పు ఎంత తింటారండీ?"

"రోజూ పప్పు వండుతామమ్మా. పప్పు లేకుండా మా ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నాను.

"వండేది కాదండీ, మీ కంచంలోకి ఎంత వస్తోంది? ఒక వారం తూకం వేసి రాసుకు రండి" అంది.

వంటింటి కాటా కొన్నాను. ఆ వారం రాసిన కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. నలుగురికి టమాటా పప్పు చేస్తే అందులో పడుతున్న కందిపప్పు 80 గ్రాములు, అంటే నా వాటాకి 20. అందులో ప్రొటీన్ నాలుగున్నర గ్రాములకి మించదు. నేను మధ్యాహ్నం తింటున్న అన్నం మాత్రం 150 గ్రాముల బియ్యానిది. అదొక్కటే 500 కేలరీలు దాటుతుంది. కూర రెండు గరిటెలు, అదీ నూనెలో వేగిన దొండకాయో బంగాళదుంపో. శాకాహారం కదా, తేలిగ్గా తింటున్నామని నేను పాతికేళ్ళు అనుకున్నాను. నేను తిన్నది అన్నం, నూనె. పప్పు, కూర అన్నం దిగడానికి పక్కన ఉన్నాయంతే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకి పప్పులు సుమారు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు అని ఉంది. ధాన్యాలేమో 250 గ్రాములు. డైటీషియన్ నా కాగితం పక్కన ఆ కొలతలు పెట్టి చూపించింది. పప్పు నాలుగో వంతు కూడా లేదు. కూరలు సగం కూడా లేవు.

నూనె సంగతి వేరే చెప్పాలి. మా నలుగురికీ నెలకి ఐదు లీటర్ల క్యాన్ వచ్చేది. ముప్ఫై రోజులకి, నలుగురికి పంచి చూస్తే మనిషికి రోజుకి 38 గ్రాములు, దాదాపు 340 కేలరీలు. నెయ్యి, ఆవకాయ మీద తేలే నూనె, బయట తిన్న బజ్జీలు ఇందులో లేవు. మీరు ఈ లెక్క ఈ రోజే వేసుకోండి, కాటా కూడా అక్కర్లేదు. నెలకి ఎన్ని లీటర్లు కొంటున్నారో చూసి భాగించుకుంటే చాలు.

ఇంక అన్నం ఎందుకు అంత పోతోందో గమనించాను. మన భోజనంలో పచ్చట్లోకి కొంచెం, పప్పులోకి కొంచెం, పులుసులోకో చారులోకో కొంచెం, చివర పెరుగులోకి కొంచెం పెట్టుకుంటాం. ఏ ఒక్కసారీ ఎక్కువ తిన్నట్టు ఉండదు. నాలుగు కొంచేలు కలిస్తే 400 గ్రాముల అన్నం. అందుకే నేను అన్నం మానలేదు, రెండింట్లోకే పెట్టుకోవాలని నియమం పెట్టుకున్నాను. ఒకటి పప్పులోకి, రెండోది ఆ రోజు నచ్చినదాంట్లోకి. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను. పెరుగు గిన్నెలో వేసుకుని ఉత్తిదే తింటాను. పెరుగన్నంతో పూర్తి చేయకపోతే భోజనం చేసినట్టే ఉండదని మీకు అనిపిస్తుంది, నాకూ మూడు వారాలు అలాగే అనిపించింది. అలాంటప్పుడు పప్పులో అన్నం మానేసి పెరుగులో రెండు ముద్దలు కలుపుకునేదాన్ని. ఇప్పుడు నా అన్నం పూటకి 60 గ్రాముల బియ్యానిది.

తగ్గించిన అన్నం చోట్లో ఏం పెట్టానన్నదే అసలు విషయం. నలుగురికి 80 గ్రాములు వేసే పప్పు 180 చేశాను, నీళ్ళు తగ్గించి గట్టిగా వండుతున్నాం. భోజనానికి కూర్చోగానే ముందు గిన్నెడు కూర, గిన్నెడు పప్పు తింటాను, అన్నం ఆ తర్వాతే వడ్డించుకుంటాను. ఉదయం వారానికి మూడు రోజులు పెసరట్టు. 50 గ్రాముల పెసల్లో 11, 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆకలి గుర్తు రాదు. అందులో ఉప్మా పెట్టుకోవద్దు. సాయంత్రం నానబెట్టిన శనగలో బొబ్బర్లో ఉడికించి గుగ్గిళ్ళు, పైన పచ్చి కొబ్బరి కాస్త. రాత్రి ఒక జొన్న రొట్టె, దానికి రెండింతల కూర, కూరలో పనీరో మీల్‌మేకరో. మీల్‌మేకర్ ఎండుది పాతిక గ్రాములు వేస్తే 13 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. మా వారికి ఆ వాసన పడదు. వేడినీళ్ళలో ఉడికించి రెండుసార్లు గట్టిగా పిండి, అల్లం, పచ్చిమిర్చి ముద్దలో కాసేపు ఉంచి వండితే తింటున్నారు. పెరుగు రోజుకి 200 గ్రాములు, కొవ్వు తక్కువ పాలతో తోడుపెట్టిందే. ఇదంతా కలిపి రోజుకి సుమారు 60 గ్రాముల ప్రొటీన్. ఇంతకుముందు నాకు 35 దాటేది కాదు. జుట్టు రాలడం ఆగింది, జంతికల డబ్బా దగ్గరికి వెళ్ళాలన్న ఆత్రం కూడా పోయింది. నన్ను అడిగితే, మీ మూడు నెలల కష్టం ఫలించకపోవడానికి ఇదే ముఖ్య కారణం కావచ్చు. ఓట్స్, చపాతీ రెండూ ధాన్యాలే. గోధుమ పిండికీ బియ్యానికీ గ్రాముకి కేలరీల్లో పెద్ద తేడా లేదు, పైగా చపాతీకి నూనె రాస్తాం. కొర్రలూ అంతే. పీచు ఎక్కువ, కడుపు నిండుతుంది, వారానికి రెండుసార్లు మేమూ వండుకుంటాం. కానీ కొర్రలే కదా అని కంచం నిండా పెట్టుకుంటే బియ్యం తిన్నట్టే.

నూనె తగ్గించడంలో మా అత్తగారు చేసిన సాయం మర్చిపోలేను. మొదట్లో ఆవిడ చాలా బాధపడ్డారు. "ఏవమ్మా, రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకుంటున్నావు, నా వంట నచ్చడం లేదా" అని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కూర్చోబెట్టి నా షుగర్ కాగితం చూపించాను. మామగారు షుగర్‌తోనే పోయారు. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు గోరుచిక్కుడుకాయ పాఠోళి చేశారు. మామూలుగా నానబెట్టి రుబ్బిన శనగపప్పుని నూనెలో పొడిపొడిగా అయ్యేదాకా వేపుతారు, దానికి బోలెడు నూనె కావాలి. ఆవిడ ఆ ముద్దని ఇడ్లీ రేకుల్లో ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చిదిపి, రెండు చెంచాల తాలింపులో ఉడికిన గోరుచిక్కుడుతో కలిపారు. వాళ్ళమ్మగారు అలాగే చేసేవారట. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేపుళ్ళు ఆదివారానికి పరిమితమయ్యాయి. మిగతా రోజుల్లో ఆవ పెట్టిన కూరలు, పెసరపప్పు వేసిన బీరకాయ, పులుసు కూరలు, పొట్లకాయ పెరుగు పచ్చడి. నూనె నెలకి మూడు లీటర్లకి దిగింది. అన్నంలో నెయ్యి ఒక చెంచా ఇప్పటికీ వేసుకుంటాను, అది తీసేయమని మీకు చెప్పను.

ఇంట్లో వంట మీ చేతిలో లేకపోతే, దయచేసి పోట్లాడకండి, మీకు వేరుగా వండుకోకండి కూడా. నేను చూసినంతలో వేరు వంట నెల రోజులకి మించి సాగదు. అందరి పప్పూ గట్టిపడాలి, అందరి కూరా పెరగాలి.

మన శాకాహారుల ఇళ్ళలో ఉపవాసాల సంగతి కూడా చెప్పాలి. నేను శనివారాలు రాత్రి అన్నం మానేదాన్ని, ఏకాదశి ఉండేదాన్ని. అన్నం మాని పలహారం అంటూ నాలుగు దోసెలు, లేకపోతే సగ్గుబియ్యం ఉప్మా. సగ్గుబియ్యంలో పిండి తప్ప దాదాపు ఏమీ లేదు. అన్నం తిన్న రోజుకంటే ఉపవాసం రోజే ఎక్కువ తినేదాన్నని కాటా చెప్పింది. ఇప్పుడు శనివారం రాత్రి ఒక పెసరట్టు, ఒక గ్లాసు మజ్జిగ. ఏకాదశికి పాలు, పళ్ళు, గుప్పెడు వేరుశనగలు. నా నియమానికి భంగం రాలేదు, దేవుడి పట్ల నా మనసులోనూ లోటు లేదు.

శ్రావణమాసం నుంచి నా బరువు 73 దగ్గర ఏడు వారాలు కదల్లేదు. పూర్ణాలు, పులిహోర, ఆ తర్వాత వినాయక చవితి, దసరా. చాలా నిరాశపడ్డాను, మానేద్దామనుకున్నాను. రాసుకున్న పుస్తకం తిరగేస్తే పండగ రోజు తిన్నది పెద్దగా లేదు. మిగిలినవి పారేయలేక తర్వాతి మూడు రోజులు తిన్నదే ఎక్కువ. అప్పటినుంచి నైవేద్యానికి సరిపడా తొమ్మిదో, పదకొండో చేస్తున్నాం, మిగిలితే అదే పూట పక్కింటికి, పనమ్మాయికి ఇచ్చేస్తాం. అదే శ్రావణంలో వాయనాల్లో వచ్చే నానబెట్టిన శనగలు ఉంటాయి చూశారూ, అవి మాత్రం ఒక్క గింజ వదలను. నెలంతా ఇంటినిండా శనగలే. ఇదివరకు వేయించి కారం చల్లేవాళ్ళం, ఇప్పుడు గుగ్గిళ్ళు, శనగల కూర.

నడక రోజుకి నలభై నిమిషాలు. తిండి మార్చకముందు ఏడాది నడిచినా బరువు తగ్గలేదు, మార్చాక తోడ్పడింది. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రెండు చేతులతో లీటరు నీళ్ళ సీసాలు ఎత్తడం చేస్తాను. కాఫీలో పంచదార నాలుగు నెలల్లో కొంచెం కొంచెంగా మానేశాను. మామిడిపళ్ళ రోజుల్లో ఒక పండు తింటే ఆ పూట అన్నం సగం చేస్తాను.

మీకు కిడ్నీ ఇబ్బంది ఉన్నా, షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నా, పప్పులు ఇంతలా పెంచేముందు, అన్నం ఇంతలా తగ్గించేముందు డాక్టర్‌ని తప్పకుండా అడగండి. ఆడవాళ్ళకి నడుము కొలత 80 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు. నాది 98 నుంచి 85కి వచ్చింది. బరువు ఆగిపోయిన ఆ ఏడు వారాల్లోనూ నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది, అదే నన్ను నిలబెట్టింది. కాబట్టి మీరూ టేపు కొలత రాసిపెట్టుకోండి.

ఈ వారం ఏమీ మార్చకండి. మీ కంచంలోకి వచ్చే బియ్యం, పప్పు, కూర తూకం వేసి, నెలకి నూనె ఎన్ని లీటర్లో చూసి ఇక్కడే రాయండి. మీ ఇంటి వంటలోంచే ఎక్కడ మార్చొచ్చో చూసి చెప్తాను.