పదో తరగతి స్నేహితురాలు పోయింది.. ఏడాదైనా తేరుకోలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నాతో ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఏడాది కిందట రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. జబ్బు సంగతి తెలుసు కానీ అంతదాకా వచ్చిందని తెలీదు. చివర్లో ‘తీరిక దొరికితే ఫోన్ చెయ్యవే’ అని మెసేజ్ పెట్టింది. ఆఫీసు పని, పిల్లాడి పరీక్షల టెన్షన్‌లో పడి చెయ్యలేదు. తర్వాత వాట్సాప్ గ్రూపులో దండ వేసిన ఫొటో చూశాను. దినానికి కూడా వెళ్ళలేకపోయాను. ఇప్పటికీ రాత్రిళ్ళు ఏడుపొస్తుంది. ‘వాళ్ళింట్లోవాళ్ళే తేరుకున్నారు, నీకేంటి ఇంత’ అంటారు మావారు. సంక్రాంతికి మా 2003 బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం పెట్టారు. ఆ ఊళ్ళోనే ఆమె తల్లి, తల్లి దగ్గర ఆమె పదమూడేళ్ళ కూతురు ఉన్నారు. వెళ్ళాలంటే భయం, మానాలంటే మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ బాధ ఎక్కువేమీ కాదు. దాన్ని పెట్టుకోవడానికి మీకెవరూ చోటివ్వలేదు, అంతే.

మన దగ్గర చావుకు సంబంధించిన పద్ధతులన్నీ చుట్టరికాన్ని బట్టే ఉంటాయి. ఎవరికి మైల, ఎన్ని రోజులు, కర్మ ఎవరు చెయ్యాలి, అన్నిటికీ లెక్కుంది. ముఖం కూడా గుర్తులేని జ్ఞాతి పోయినా కబురు తెలియగానే తలమీద నీళ్ళు పోసుకుంటాం. ఐదేళ్ళు పక్కన కూర్చున్న స్నేహితురాలు పోతే మాత్రం మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్ళాలి. సెలవడిగితే ‘మీకేమవుతారు?’ అంటారు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఇలాంటి దుఃఖాన్ని ప్రత్యేకంగా చర్చకు తెచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు గుర్తించని దుఃఖం, నలుగురిలో చెప్పుకోవడానికి వీల్లేని దుఃఖం. అది తొందరగా తగ్గదు, ఎందుకంటే ఏడవాల్సిన సమయంలో ఎవరూ మీతో కలిసి ఏడవలేదు.

మీవారి మీద కోపం పెట్టుకోకండి. ఆయనకు ఆమె మీ పెళ్ళిలో కనిపించిన ఒక మనిషి మాత్రమే. ఒకరోజు భోజనాలయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి ఆమె గురించి చెప్పండి. జబ్బు గురించి కాదు, ఆ పిల్ల ఎలా ఉండేదో చెప్పండి. ‘నాకు ఓదార్పు మాటలు వద్దు, వింటే చాలు’ అని ముందే అనండి. ఏం చెయ్యాలో తెలియకే చాలామంది మగవాళ్ళు ‘ఇంక చాల్లే’ అనేస్తారు.

ఇక ఆ మెసేజ్. మీ తప్పు ఏమీ లేదని నేను అనను. అలా అంటే మీరే నమ్మరు. ఆమె అడిగింది, మీరు చెయ్యలేదు. అది నిజం, దాని గురించి బాధపడటం న్యాయమే. కానీ అదే చివరి మెసేజ్ అని మీకు ఇప్పుడు తెలుసు, ఆరోజు తెలీదు. ఇప్పటి తెలివితో అప్పటి మిమ్మల్ని దోషిని చేస్తున్నారు. మీరు ఫోన్ చేసినా జబ్బు ఆగేది కాదు. ఒక సంభాషణ పోయింది. ఎంత పోయిందో అంతకే ఏడవండి, ఆమె చావును కూడా మీ తలమీద వేసుకోకండి. మరో మాట. పాతికేళ్ళ స్నేహంలో చివరి కొద్ది రోజులనే మొత్తం స్నేహమనుకుంటున్నారు. ‘చెయ్యవే’ అనే చనువు జబ్బుతో ఉన్నప్పుడు కూడా ఆమెకు పోలేదు చూశారా? ఆ మెసేజ్‌కు జవాబు ఇప్పుడు రాయండి. కాగితం మీద, మీరిద్దరూ మాట్లాడుకునే భాషలోనే, ‘ఒసేయ్’ అంటూ మొదలుపెట్టి రాయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆమె కూతురికి పదమూడేళ్ళు. అంటే ఎనిమిదో తరగతో, అటూ ఇటూనో. మీరిద్దరూ ఒకే బెంచీలో కూర్చున్న వయసు. ఆ వయసులో తన అమ్మ ఎలా ఉండేదో ఆ పిల్లకు ఎవరు చెబుతారు? తండ్రికి తెలిసింది పెళ్ళయ్యాక చూసిన మనిషి. అమ్మమ్మకు తెలిసింది ఇంట్లో కూతురు. బళ్ళో ఎవరితో పోట్లాడింది, లెక్కల మాస్టారికి ఎంత భయపడేది, ఇంటర్వెల్‌లో జామకాయకు ఉప్పూకారం ఎవరి దగ్గర అడిగి తెచ్చేది, పెద్దయ్యాక ఏమవుతానని చెప్పేది.. ఇవన్నీ మీలాంటి ఒకరిద్దరి దగ్గరే ఉన్నాయి. అవి ఆ పిల్లకు అందాలి. మీరు ఆ ఊరు వెళ్ళడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే, సమ్మేళనం కాదు.

దినం అయిపోయాక పరామర్శ ఏమిటి, మానుతున్న పుండు రేపినట్టవదా అని మీ సంకోచం కావచ్చు. పదకొండు రోజులూ ఇల్లు మనుషులతో నిండిపోతుంది. తర్వాత ఎవరూ రారు. వచ్చినా చనిపోయిన మనిషి పేరెత్తరు. ఏడాది తర్వాత తన బిడ్డ పేరు ఇంకొకరి నోట వినడం ఏ తల్లికైనా కావాలనే ఉంటుంది. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ఊరుకోండి పిన్నిగారూ’ అనకండి. ‘దేవుడికి మంచివాళ్ళే కావాలి’ అని అసలే అనకండి, ముఖ్యంగా ఆ పిల్ల ముందు.

చేతిలో ఏమైనా పట్టుకెళ్ళండి. పదో తరగతి గ్రూప్ ఫొటో కాపీ తీయించండి. మీ ఆటోగ్రాఫ్ బుక్‌లో ఆమె రాసిన పేజీ ఉంటే దానికీ జిరాక్స్ తీసి ఆ పిల్లకివ్వండి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి. పిల్ల అడిగినంతే చెప్పండి. పదమూడేళ్ళ వయసులో నలుగురి ముందు ఏడవడానికి సిగ్గుపడతారు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా వింటూనే ఉంటారు. ‘నేను నీకు అమ్మలాంటిదాన్ని’ అని మాత్రం మాటివ్వకండి. అది మీరు నిలబెట్టుకోలేని మాట. నెలకోసారి ఫోన్ చేస్తానని చెప్పి నిజంగా చెయ్యండి, అదే పెద్ద సాయం. తండ్రికి కూడా ముందుగా ఒక మాట చెప్పడం మర్యాద.

సమ్మేళనంలో సాధారణంగా ఏం జరుగుతుందో నేనూ చూశాను. జ్యోతి ప్రజ్వలన, పోయినవాళ్ళకు రెండు నిమిషాల మౌనం, ఆ వెంటనే మాస్టార్లకు శాలువాలు, భోజనాలు, పాటలు. ఆ రెండు నిమిషాల తర్వాత మీరు డాన్సుల దగ్గర కూర్చోలేకపోవచ్చు, కూర్చోనక్కర్లేదు. నిర్వాహకుల్లో మీకు చనువున్నవాళ్ళకు ఇప్పుడే చెప్పండి: ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో వేసేముందు ఇంట్లోవాళ్ళను అడగమని, మౌనంతోపాటు పావుగంట ఆమె గురించి మాట్లాడుకునే వీలు ఇవ్వమని. తలా ఒక సంఘటన చెబితే ఫోన్‌లో రికార్డు చేసి ఆ పిల్లకు పంపవచ్చు. డబ్బు పోగుచేద్దామని ఎవరైనా అంటే ముందు ఆ కుటుంబాన్ని అడగాలి. సుకన్య సమృద్ధి ఖాతా అంటారేమో, దాన్ని పదేళ్ళ లోపు ఆడపిల్లలకే తెరుస్తారు. పిల్ల పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే తండ్రి గార్డియన్‌గా వేయవచ్చు.

మీ ఆరోగ్యం సంగతి రాయలేదు కానీ, ఈడు మనిషి పోతే ‘నాకూ వస్తుందేమో’ అన్న భయం చాలామందికి పట్టుకుంటుంది. స్నేహితురాలికి వచ్చిందని మీకు ప్రమాదం పెరగదు. అయినా ఒకసారి గైనకాలజిస్టుకు చూపించుకుని, మామోగ్రామ్ ఎప్పటినుంచి అవసరమో అడగండి. 30 దాటిన ఆడవాళ్ళకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ రొమ్ము పరీక్ష ఉంది.

ఏడాది దాటాక కూడా అప్పుడప్పుడు ఏడుపు రావడం జబ్బు కాదు. రోజూ రోజంతా అదే ధ్యాస, పని సాగకపోవడం, బతకడం దండగ అనిపించడం ఉంటే మాత్రం సైకియాట్రిస్టును కలవాలి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

సంక్రాంతి దాకా ఆగకుండా ఈ ఆదివారమే ఆ తల్లికి ఫోన్ చెయ్యండి. ‘పండక్కి వస్తున్నాను, ఒక పూట మీ ఇంట్లో కూర్చుంటాను’ అని చెబితే చాలు. మెసేజ్ సంగతి ఫోన్‌లో వద్దు, వెళ్ళాక చెప్పాలనిపిస్తే చెప్పండి.