జెండా కింది నుంచి పైకి వెళ్ళాలి

చిరంజీవి అమ్మలుకు కందుకూరు నుంచి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఈసారి మీ బడిలో పంద్రాగస్టు పండుగ బాధ్యతంతా నీకే అప్పగించారని, విరిగిపోయిన పాత జెండా కర్ర స్థానంలో 20 అడుగుల ఇనుప గొట్టం నిలబెట్టిస్తున్నావని, ఆ రోజు పిల్లలకు స్వాతంత్ర్యం గురించి నువ్వే మాట్లాడబోతున్నావని చెప్పింది. ఉద్యోగంలో చేరి ఏడాది నిండకముందే ఇంత పని తలకెత్తుకున్నావని విని నేనెంత పొంగిపోయానో మీ అమ్మమ్మను అడుగు, చెబుతుంది. కానీ ఆ ఇనుప గొట్టం మాట విన్న దగ్గర నుంచి నాకు నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసిన సంగతులు ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. జెండా పొడవు వెడల్పులు 3:2 పాళ్ళలో ఉండాలి, కాషాయం పైకి రావాలి, జాతీయ గీతం 52 సెకన్లలో ముగిసేలా ముందే రెండు మూడు సార్లు పాడించాలి, కాగితపు జెండాలు నేల మీద పడి ఉండకుండా సాయంత్రం ఏరించాలి.

ఇక గొట్టం సంగతి. బడి ప్రహరీ పక్క నుంచే కరెంటు తీగలు పోతున్నాయని పోయిన సంక్రాంతికి నువ్వే చెప్పావు. పొడవైన గొట్టాన్ని నిలబెట్టేటప్పుడు అది ఏదో ఒక పక్కకు ఒరగకుండా లేవదు. అలా ఒరిగినా, పూర్తిగా పడిపోయినా దాని కొస తీగల దరిదాపులకు చేరని చోటే దిమ్మె కట్టించు. ఇనుప జెండా కర్ర తీగలకు తగిలి ప్రాణాలు పోయాయన్న వార్త పంద్రాగస్టు మరునాటి పేపరులో నేను ఎన్నోసార్లు చదివాను. లైన్‌మన్‌కు ముందే చెప్పి, గొట్టం లేపేంతసేపు కరెంటు ఆపించు. ఆపుతారో లేదోనని మొహమాటపడి ఊరుకోవద్దు. పెద్ద తరగతి పిల్లలు తామూ ఒక చెయ్యి వేస్తామని ఉత్సాహంగా వస్తారు. వద్దను. ఏడుపు ముఖం పెట్టినా వద్దను. నేను ఒకసారి వద్దనలేదు, ఆ సంగతి నీకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

అది 1982. నాకు అప్పుడు ఇరవై అయిదేళ్ళు. కందుకూరుకు ఎగువన ఒక పల్లెటూరి బడిలో పనిచేస్తున్నాను. పెద్ద పంతులుగారు సెలవులో ఉండడంతో జెండా పని నా మీద పడింది. ఆ ఏడు జనవరిలో ఆయన ఏం చేశారో చూశాను కాబట్టి నాకు అంతా తెలుసుననుకున్నాను. 14వ తేదీ సాయంత్రం ఒక సరుగుడు బాదు తెప్పించి, బడి ముందు ఇసుక నేలలో గుంట తీయించి పాతాను. జెండాను మడిచి, లోపల బంతిపూల రేకులు పోసి, జనవరిలో కట్టినట్టే బాదు కొసకు కట్టాను. రాత్రి గాలికి విడిపోతుందేమోనని జారుముడి మీద ఇంకో ముడి బిగించాను. ఆ రాత్రి వాన పడింది. తడిసిన నూలు తాడు ఎలా బిగుసుకుంటుందో బావిలో చేదతో నీళ్ళు తోడిన వాడికి తెలియకపోవడమేమిటి! నాకు తెలుసు, కానీ తట్టలేదు.

పొద్దున ఊరి పెద్ద ఒకాయన వచ్చి తాడు లాగారు. జెండా విడలేదు. మళ్ళీ లాగారు. పిల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి, అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్ళు నా వైపు చూశారు. ఆ క్షణాన నాకు దేశమూ గుర్తులేదు, జెండా గౌరవమూ గుర్తులేదు. నలుగురిలో నా పరువు పోతున్నదన్న ఒక్క బాధే ఉంది. ముంజల కోసం తాడిచెట్లెక్కే ఏడో తరగతి పిల్లవాడు ముందు వరసలో నిలబడి ఉన్నాడు. వాడిని ఎక్కమన్నాను. వాడు ఒక్క క్షణం కూడా ఆగలేదు, అయ్యవారు తనను పిలిచారన్న సంతోషంతో చకచకా ఎక్కిపోయాడు. వాడి చెయ్యి ముడిని అందుకునేసరికి, రాత్రి వానకు మెత్తబడిన గుంటలో బాదు మొదలు కదిలింది. బాదుతో పాటు వాడూ ఎడమ చేతి మీద పడ్డాడు. ముడి అప్పుడు విడింది. వెనక వరసల్లోని చిన్నపిల్లలు గాలిలోకి లేచిన పూల రేకులు మాత్రమే చూసి చప్పట్లు కొట్టారు.

పొగనారు మడుల్లో కలుపు తీస్తున్న వాడి తల్లి చేతులకు మట్టితోనే పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. “మావాడు ఏం తప్పు చేశాడు అయ్యవారూ?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. వాడి చెయ్యి అతికింది గాని మోచేయి పూర్తిగా చాచడానికి రాలేదు. వాడు ఇప్పుడు తాత అయ్యాడు. పండుగకు నన్ను చూడవచ్చి రెండు చేతులూ ఎత్తి నమస్కరించినప్పుడల్లా నేను ఆ మోచేయి వైపు చూడకుండా ఉండలేను.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు గాని నాకు తెలియలేదు, ఆగస్టులో జెండాను ముందే కొసకు కట్టి ఉంచవలసిన పనే లేదని. జనవరి 26న జెండా అప్పటికే పైన ఉంటుంది, దాన్ని విప్పుతారు. ఎందుకంటే 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికే మనది స్వతంత్ర దేశం. ఆగస్టు 15న జెండా కింది నుంచి పైకి వెళ్ళాలి. 1947లో ఆ రోజున పరాయి జెండా దిగింది, మన జెండా లేచింది. అందుకే దాన్ని ధ్వజారోహణం అంటారు. ఆ మాటకు అర్థం తెలుసుకుని ఉంటే నేను కొసన ముడి వేసేవాడిని కాను, ఆ పిల్లవాడు బాదు ఎక్కవలసి వచ్చేది కాదు. నీ గొట్టానికి పైన గిలక బిగించి, జెండా దిమ్మె దగ్గర మొదలై పిల్లల కళ్ళ ముందే కొసదాకా ఎక్కేలా చెయ్యి. ఎక్కించేటప్పుడు చురుకుగా, సాయంత్రం దించేటప్పుడు నెమ్మదిగా.

మాట్లాడేటప్పుడు పిల్లలకు ఆ రెండు తేదీల కథ చెప్పు. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసు పూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానించాక, 1930 జనవరి 26నే దేశం స్వాతంత్ర్య దినం జరుపుకుంది. ఆగస్టు 15ను ఎంచినవాడు అప్పటి వైస్రాయి మౌంట్‌బాటన్, జపాను లొంగిపోయి ఆ నాటికి రెండేళ్ళని. మనం కోరుకున్న తేదీ ఒకటి, మనకు ఇచ్చిన తేదీ ఇంకొకటి. కోరుకున్న తేదీని తరువాత రాజ్యాంగానికి కేటాయించుకున్నాం. ఎర్రకోట మీద నెహ్రూ జెండా ఎగరేసింది 15న అని చాలామంది చెబుతారు, అది 16న. గాంధీగారు 15న ఢిల్లీలో లేరు, కలకత్తాలో ఉపవాసంతో, ప్రార్థనతో గడిపారు. దేశాన్ని చీల్చిన సరిహద్దు రేఖను 17న గాని ప్రకటించలేదు, తాము ఏ దేశంలో ఉన్నామో తెలియకుండానే ఎందరో ఆ పండుగనాడు నిద్ర లేచారు. పిల్లలు చిన్నవాళ్ళని ఆ దుఃఖాన్ని దాటవేయకు, వాళ్ళకు అర్థమవుతుంది.

మీ ఇందుకూరుపేటకు దగ్గరలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా సమర్పించిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 7న, గాంధీగారు పల్లిపాడు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. అందుకు భూమి ఇచ్చినది పొణకా కనకమ్మగారు. నీ తరగతిలోని ఆడపిల్లలకు ఆమె పేరు నోటికి రావాలి. 15న కుదరకపోయినా ఆ వారంలో ఒకరోజు పిల్లలను అక్కడికి నడిపించు. 23న ప్రకాశం పంతులుగారి పుట్టినరోజు, 1928లో మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము చూపిన కథ ఆనాటికి దాచి ఉంచు. అన్నీ ఒక్కరోజే చెప్పబోతే ఎండలో నిలబడిన పసివాళ్ళు సొమ్మసిల్లుతారు. పది నిమిషాలు మించనివ్వకు, వాళ్ళను నీడ వైపు నిలబెట్టు, నువ్వూ ఏదైనా తిని బయలుదేరు. ఉపవాసంతో పరుగులు పెట్టడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

జనవరి 26న నీకు పనికి వస్తుందని ఈ కవరులో మూరెడు నూలు తాడు పెట్టాను. గట్టి గాలి వీచినా ఊడకుండా, ఒక్కసారి లాగితే విడిపోయేలా దానికి నేను జారుముడి వేశాను. విప్పే ముందు అది ఎలా వేశానో బాగా చూడు. తరువాత తాడును నీళ్ళలో నానబెట్టి, నువ్వే పది సార్లు ముడి వేసి లాగి చూసి, దిమ్మెకూ కరెంటు తీగకూ మధ్య ఎన్ని అడుగుల దూరం ఉందో కొలిచి నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య